ఆదాయ వ్యయములు మనమే వ్రాసికొందము

(ఖమ్మం – భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామముల రైతుల సమావేశములో ఒక వ్యవసాయ విస్తరణ అధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది నాడు వేపపూత పచ్చడి తిని, సాయంకాలము గుడి దగ్గర కూర్చొని పంచాంగము వింటాము. మన రాశికి ఆదాయము ఎంత, వ్యయము ఎంత అని చెవి యొగ్గి వింటాము. ఆదాయము పదునాలుగు, వ్యయము రెండు అంటే సంతోషిస్తాము. ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అంటే ముఖము చిన్నబుచ్చుకొంటాము. ఈ ఆచారమును నేను తప్పు పట్టబోవుట లేదు. నేను కూడ విని వచ్చినవాడనే. కాని ఒక్క మాట అడుగుతాను. రాబోవు సంవత్సరపు ఆదాయ వ్యయములను అంత శ్రద్ధగా వినే మనము, గడచిన సంవత్సరములో మన చేతి మీదుగా వచ్చినదెంత, పోయినదెంత అని ఎవరైన అడిగితే చప్పున చెప్పగలమా? పత్తికి ఎంత పెట్టితివి అంటే, "ఏమో సారూ, చాలానే అయింది" అంటాము. మిరపకు ఎన్ని మార్లు మందు కొట్టితివి అంటే వ్రేళ్ళు మడిచి, మధ్యలో లెక్క తప్పి నవ్వి ఊరుకొంటాము.

మన ప్రాంతములో లెక్క అనగానే ఎవరికైన రామదాసు కథ జ్ఞాపకము వస్తుంది. మన నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా ఉండి, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలములో గుడి కట్టించినాడనియు, ఆ లెక్క అప్పగించలేక గోలకొండ కోటలో చెరసాల అనుభవించినాడనియు మీకు తెలిసినదే. ఆయన అప్పు తీర్చుటకు సాక్షాత్తు రామలక్ష్మణులే వచ్చినారని మన పెద్దలు చెప్పుకొంటారు. ఆయన భక్తి అంతటిది. మనము సామాన్య సంసారులము. మన అప్పు తీర్చుటకు రాత్రివేళ ఎవరును మొహరీల సంచితో రారు. మన లెక్క మనమే చూచుకొనవలెను, మన అప్పు మనమే తీర్చుకొనవలెను.

అందుచేత ఈనాడు నేను క్రొత్త విత్తనమును గురించి గాని, క్రొత్త మందును గురించి గాని మాట్లాడను. సంవత్సరమునకు ఒక్కసారి, ఒక్క పూట, మన సేద్యమును, మన నడవడిని మనమే తిరిగి చూచుకొనుట ఎట్లో చెపుతాను. ఇందుకు కావలసినది ఒక నూరు పేజీల నోటు పుస్తకము, ఒక పెన్ను, ఇంటిల్లిపాది ఓపిక.

ఎప్పుడు కూర్చొనవలెను?

ఉగాదికి ముందు వారము దీనికి చాల అనువైన కాలము. అప్పటికి పత్తి ఏరుట ముగిసి యుంటుంది. మిరప చాలవరకు కల్లములోనికి గాని, ఖమ్మం మార్కెటుకు గాని చేరుతుంది. కౌలు ఒప్పందములు చాల ఊళ్ళలో ఉగాదికే తిరిగి మాట్లాడుకొంటారు. ఒప్పందము మాట్లాడిన తరువాత లెక్క చూచుకొంటే చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే. లెక్క ముందు, మాట తరువాత.

ఇది క్రొత్త సంగతి కూడ కాదు. మన చుట్టుపట్ల కోయ గూడెములలో విత్తులు వేయుటకు ముందు భూమి పండుగ చేసికొంటారు. క్రొత్త పంట చేతికి వచ్చినప్పుడు కొత్తల పండుగ చేసికొనిన తరువాతనే ఆ గింజ నోట పెట్టుకొంటారు. అనగా ఒక పనికి, మరియొక పనికి నడుమ ఆగి, ఊరంతా ఒక్కచోట చేరుట వారికి అలవాటు. ఆ ఆగుటయే నేను చెప్పునది. మనము ఒక పంట నుండి మరియొక పంటలోనికి ఊపిరి తీసికొనకుండ దూకుతున్నాము.

పుస్తకములో అయిదు పేజీలు వేరు చేయండి. మొదటిది నేలకు, రెండవది వానకు, మూడవది ఖర్చుకు, నాలుగవది అమ్మకమునకు, అప్పుకు, అయిదవది మీకు. అయిదవ పేజీ అన్నిటికంటె కష్టము. దానిని చివరకు ఉంచుదాము.

మొదటి పేజీ: నేల

ఏ చెక్కలో ఏ పంట వేసినాము, ఏ ఎరువు ఎంత వేసినాము అని వ్రాయండి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఎరువును బస్తాలలో గాక కిలోలలో వ్రాయండి. ఎందుకనగా యూరియా బస్తా పూర్వము 50 కిలోలు ఉండెడిది. 2018 నుండి 45 కిలోలు అయినది. "నాన్న రెండు బస్తాలు వేసేవాడు, నేనును రెండే వేసినాను" అంటే ఆ రెండును ఒకటి కావు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోల 700 గ్రాములు. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరము 23 కిలోలు. ఈ అంకెలు పుస్తకము అట్ట లోపల వ్రాసి పెట్టుకొంటే మీ పొలమునకు నిజముగా ఏమి అందినదో తెలుస్తుంది.

మధిర, వైరా వైపు నల్లరేగడులలో ఏటేటా డి.ఎ.పి. వేసిన చేలలో భాస్వరము నిలువ చేరి యుండవచ్చును. కొత్తగూడెం, అశ్వారావుపేట వైపు ఎర్ర చెలకల సంగతి వేరు. అందరికిని ఒకే మోతాదు ఎట్లు సరిపోతుంది? పంట తీసిన తరువాత, వేసవి దుక్కికి ముందు, మట్టి పరీక్షకు మంచి అదను. చేనిలో ఎనిమిది, పది చోట్ల 'వి' ఆకారములో జానెడు లోతు గుంట తీసి, అంచు మట్టిని పలుచగా గీకి, అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములు తీసివేయుచు, చివరకు అరకిలో మట్టిని గుడ్డసంచిలో పంపండి. గట్ల మీద, చెట్ల నీడన, పెంటకుప్ప వేసిన చోట మట్టి తీయవద్దు. 2015లో భూసార పత్రముల పథకము వచ్చిన తరువాత చాలమందికి ఈ పత్రములు అందినవి. అది దేవుని పటము వెనుక దోపి పెట్టుటకు ఇచ్చినది కాదు. తీసి మొదటి పేజీకి అంటించండి.

రెండవ పేజీ: వాన, అదను

మన ప్రాంతము అడవి అంచున ఉన్నందున సంవత్సరమునకు సుమారు వేయి మిల్లీమీటర్లు, కొన్ని చోట్ల అంతకు పైగా వాన పడుతుంది. ఒక మిల్లీమీటరు వాన ఎకరము మీద పడితే నాలుగు వేల లీటర్ల నీరు వచ్చినట్లు. ఇంత నీరు వచ్చియు మన పంట ఎందుకు ఎండుతున్నది అంటే, వాన ఎంత పడినదన్న దానికంటె, మనము ఏనాడు విత్తినామన్నది ముఖ్యము.

పత్తి విత్తుటకు మొత్తము 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల బాగుగా తడియువరకు ఆగవలెనని మేము చెపుతూనే ఉంటాము. ఇరుగు చేను వాడు విత్తినాడని, మొదటి జల్లుకే మనమును విత్తుతాము. తరువాత పదిహేను రోజులు మబ్బు మొగము చూపదు. మొలకలు మాడిపోతవి. మళ్ళీ విత్తనపు సంచులు, మళ్ళీ కూలి. ఇప్పుడు పుస్తకము తీసి వ్రాయండి: మొదట విత్తిన తేదీ, రెండవసారి విత్తిన తేదీ, రెండింటికిని అయిన ఖర్చు. మూడేండ్లు వరుసగా వ్రాసినవానికి ఎవరును ఉపన్యాసము చెప్పనక్కరలేదు. అదను ఎరిగి సేద్యము, పదును ఎరిగి పైరు అన్న సామెత అతని చేతివ్రాతలోనే కనబడుతుంది.

వరదలను కూడ వ్రాయండి. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులు వచ్చినది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారని మీరెరుగుదురు. 2024 సెప్టెంబరు మొదటి తేదీన మున్నేరు పొంగి ఖమ్మం పట్టణములోనికే నీరు వచ్చినది. వాగుల ప్రక్క చేలలో ఇసుక మేట వేసినది. భద్రాచలము వద్ద నీటిమట్టము ఇన్ని అడుగులు ఉన్నప్పుడు మా చేనిలోనికి ఎంతవరకు నీరు వచ్చినది అన్న సంగతి మీకు తప్ప మరెవరికిని తెలియదు. గట్టున రాయి పాతి గుర్తు పెట్టండి. ఆ అంకె పుస్తకములో వ్రాయండి. మరుసారి రేడియోలో అడుగులు చెప్పినప్పుడు మోటారు ఎప్పుడు విప్పవలెనో, పశువులను ఎప్పుడు తోలవలెనో మీకు ముందే తెలుస్తుంది.

మూడవ పేజీ: ఖర్చు

ఇక్కడే మనము మనలను మోసపుచ్చుకొంటాము. ఒక ఉదాహరణ చెపుతాను. ఈ అంకెలు లెక్క తెలియుటకు చెప్పినవే. మీ అంకెలు మీరు వేసికొనండి.

ఒక రైతు ఎకరము పత్తికి దుక్కి, విత్తనము, ఎరువు, మందు, కూలి అన్నిటికిని చేతి నుండి 28,000 రూపాయలు పెట్టినాడు. ఏడు క్వింటాళ్ళు వచ్చినవి. క్వింటాలు 7,000 రూపాయల చొప్పున 49,000 వచ్చినది. ఖర్చు పోగా 21,000 మిగిలినదని సంతోషించినాడు. మంచిదే. కాని అతడు, అతని భార్య ఇద్దరును కలిసి ఆ ఎకరములో ముప్పది రోజుల పని చేసినారు. ఆ పని పొరుగు చేనిలో చేసి యుంటే రోజుకు 400 చొప్పున 12,000 వచ్చెడిది. అది తీసివేస్తే మిగిలినది 9,000. పెట్టుబడి 28,000 నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. ఎనిమిది నెలలకు వడ్డీ 4,480. ఇక మిగిలినది 4,520. ఆ ఎకరము కౌలుది అయి, కౌలు 15,000 అయితే, మిగులు మాట అటుంచి, 10,480 రూపాయలు ఎదురు తగిలినది.

చూచినారా? ఒకే చేను, ఒకే పంట. పైపైన చూస్తే 21,000 లాభము, లోతుగా చూస్తే పది వేలు నష్టము. ప్రభుత్వము మద్దతు ధర నిర్ణయించునప్పుడు కూడ చేతి ఖర్చు వేరుగా, ఇంటివారి శ్రమ కలిపి వేరుగా, సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కలిపి వేరుగా, మూడు విధముల లెక్క వేస్తారు. మన ఇంట్లో మాత్రము ఒక్క లెక్కయే వేస్తాము, అందులో ఇంటి ఆడవారి శ్రమ ఎన్నడును ఉండదు. పొద్దుగూకులు పత్తి ఏరిన చేతులకు లెక్కలో ఒక వరుస అయినను దక్కవలెను గదా!

అడవి అంచున ఉన్నవారు ఇంకొక వరుస చేర్చవలెను. ఎండకాలములో ఇప్పపువ్వు ఏరి, తునికాకు 50 ఆకుల కట్టలుగా కట్టి తెచ్చిన సొమ్ము చాల ఇండ్లలో జూన్ నెలలో విత్తనమునకు, ఎరువునకు పోతుంది. ఇది సేద్యమునకు వచ్చిన వడ్డీలేని పెట్టుబడి. దీనిని వ్రాయకపోతే, సేద్యము ఇంటిని పోషిస్తున్నదా, అడవి సేద్యమును పోషిస్తున్నదా అన్నది తెలియదు.

మందుల సంగతి వేరుగా వ్రాయండి. 2021–22లో మిరపకు నల్ల తామరపురుగు వచ్చి పూతనంతా రాల్చిన సంగతి మీరు మరువలేదు. ఆ సంవత్సరము ఒక రైతు తన పుస్తకము నాకు చూపినాడు. మందు కొట్టిన ప్రతి తేదీ, మందు పేరు, ఖర్చు వ్రాసి యున్నాడు. ప్రక్కన ఇంకొక గడి గీసి, "ఎవరు చెప్పినారు" అని పెట్టినాడు. ఆ గడిలో దుకాణము, దుకాణము, బావమరిది, దుకాణము, ప్రక్కచేను అని వరుసగా ఉన్నది. "నా కండ్లు" అని వ్రాసినది రెండే చోట్ల! అనగా రెండు సార్లు మాత్రమే తాను చెట్టు దగ్గర కూర్చొని, పూవు విప్పి, పురుగును లెక్కించి కొట్టినాడు. "సారూ, నష్టం పురుగు వల్ల కొంత, నా తొందర వల్ల కొంత. ఏది ఎంతో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. నలుగురు నాలుగు మందులు చెప్పితే నాలుగును ఒకే డబ్బాలో కలిపి కొట్టిన ఇండ్లలో ఖర్చు పెరిగినదే గాని పురుగు తగ్గలేదు. మరు సంవత్సరము ఆ రైతు నీలిరంగు జిగురు అట్టలు ముందే కట్టి, వారమునకు రెండు మార్లు చేను తిరిగినాడు. పురుగు పూర్తిగా పోలేదు. ఖర్చు మాత్రము అదుపులోనికి వచ్చినది.

పత్తిలో గులాబిరంగు కాయతొలుచు పురుగు సంగతియు అంతే. డిసెంబరు దాటియు, ఇంకొక ఏరుడు వస్తుందను ఆశతో మోళ్ళు ఉంచినామా, జనవరి, ఫిబ్రవరిలో వచ్చిన పత్తి ఎంత, దాని ఏరుడు కూలి ఎంత, అది పలికిన ధర ఎంత అని వ్రాయండి. ఆ కడపటి ఏరుడు చాల చేలలో కూలికే సరిపోతుంది, పురుగును మాత్రము మరు సంవత్సరమునకు పెంచి పెడుతుంది.

విత్తనపు బిల్లు, ఖాళీ సంచి, దానిమీది లాటు నంబరు కూడ ఈ పేజీలోనే భద్రము చేయండి. విత్తనము మోసమైతే నోటిమాట నిలువదు, కాగితము నిలుస్తుంది.

నాలుగవ పేజీ: అమ్మకము, అప్పు

పంట పండించుట ఒక విద్య, అమ్ముకొనుట మరియొక విద్య. 2017 ఏప్రిలులో మిరప ధర పడిపోయినప్పుడు ఖమ్మం మార్కెటులో రైతులు ఎంత ఆవేదన చెందినారో మీరెరుగుదురు. ధర మన చేతిలో లేదు. నిజమే. కాని కొన్ని సంగతులు మన చేతిలో ఉన్నవి. పత్తిలో తేమ 8 శాతము వరకు ఉంటే పూర్తి మద్దతు ధర. అంతకు పైన 12 శాతము వరకు కోత. 12 దాటితే కొనుగోలు కేంద్రములో తీసికొనరు. వడ్లకు 17 శాతము హద్దు. ఈ సంవత్సరము తేమ పేరున మీకు ఎన్ని కిలోలు, ఎన్ని రూపాయలు కోత పడినదో వ్రాయండి. రెండు రోజుల ఎండ ధర ఎంతో తెలుస్తుంది.

శీతల గిడ్డంగిలో తేజ మిరప పెట్టినవారు, పెట్టిన నాటి ధర, తీసిన నాటి ధర, గిడ్డంగి అద్దె, రానుపోను కిరాయి, అన్ని నెలల వడ్డీ అయిదును వరుసగా వ్రాయండి. ధర పెరిగినను లెక్క నష్టము చూపవచ్చును; ఒక్కొక్కప్పుడు లాభమును చూపవచ్చును. ఆశతో గాక అంకెతో నిర్ణయించుట కొరకే ఈ పుస్తకము.

ఇక అప్పు. పంట చేతికి రాకముందే దాని సొమ్ముతో పెండ్లి, బండి, ఇల్లు మాటలాడుకొనుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగము అన్నట్లుంటుంది. బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణము సకాలములో చెల్లించినవానికి సంవత్సరమునకు నూటికి నాలుగు రూపాయల వడ్డీ పడుతుంది. బయట నెలకు నూటికి రెండు రూపాయలు అంటే సంవత్సరమునకు ఇరువది నాలుగు. లక్ష రూపాయలకు ఒకచోట నాలుగు వేలు, ఒకచోట ఇరువది నాలుగు వేలు. కౌలు రైతుకు బ్యాంకు తలుపు సులభముగా తెరుచుకొనదని నాకు తెలుసు. అందుచేతనే కౌలు రైతు ఈ పేజీని ఇంకను జాగ్రత్తగా వ్రాయవలెను.

ఈ పేజీ వ్రాయునప్పుడు ఇంటావిడ ప్రక్కన ఉండవలెను. ఇది నేను గట్టిగా చెప్పు మాట. గోదావరి ఒడ్డు గ్రామములో ఒక రైతు, సొంతము రెండెకరాలు, కౌలు మూడెకరాలు, మూడేండ్లుగా అప్పులు చేస్తూ ఇంట్లో చెప్పలేదు. చెప్పితే బాధపడతారని దాచినాడు. నిద్ర లేదు, తిండి సహించలేదు. ఒక ఉగాది ముందు, బడికి పోవు కూతురు చేత ఈ లెక్క వ్రాయించుకొనవలసి వచ్చినది. ఆ అమ్మాయి ఒక్కొక్క అంకె వ్రాస్తూ, "నాన్నా, ఇంకా ఉన్నదా?" అని అడిగినది. ఉన్నదన్నాడు. మళ్ళీ అడిగినది. మళ్ళీ ఉన్నదన్నాడు. అంతా వ్రాసిన తరువాత భార్య చాలసేపు మాట్లాడలేదట. తరువాత, "ఆ మూడెకరాల కౌలు వదిలేద్దామయ్యా. ఉన్న రెండెకరాలు మంచిగ చేసుకుందాం. రెండు గేదెలు పెట్టుకుంటే నేను చూసుకుంటా" అన్నదట. అతడు నాతో, "సారూ, అప్పు ఆ రోజు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. కాని ఆ రాత్రి నిద్ర పట్టింది" అని చెప్పినాడు. అప్పు తీరుటకు వారికి చాల కాలము పట్టినది. కాని మనిషి దక్కినాడు. దాచిన అప్పు పొయ్యిలోని నిప్పు కాదు, కొంగున కట్టుకొన్న నిప్పు. మనలో ఎవరికైన గుండె బరువెక్కి యుంటే, ఉగాదిదాక ఆగవద్దు. ఈ సాయంత్రమే ఇంట్లో చెప్పండి.

అయిదవ పేజీ: నేను

ఇప్పటివరకు చేను లెక్క. ఇక చేను దున్నిన మనిషి లెక్క. ఇక్కడ మూడు ప్రశ్నలకు మీకై మీరు జవాబు వ్రాయండి. ఈ సంవత్సరము నేను క్రొత్తగా ఏమి నేర్చుకొన్నాను? తెలిసియు ఏ తప్పు మళ్ళీ చేసినాను? ఎవరి మాట వినక చెడితిని, ఎవరి మాట విని చెడితిని?

ఇతరులను వ్రాయమని చెప్పి నేను ఊరుకొనుట న్యాయము కాదు గనుక, నా పేజీ మీకు చదివి వినిపిస్తాను. ఒక సంవత్సరము చివర నా పర్యటనల పుస్తకము తీసి, నేను వెళ్ళిన గ్రామముల పేర్లు ఒక కాగితము మీద వ్రాసికొన్నాను. ప్రక్కన అక్కడికి దారి ఎట్టిదో వ్రాసినాను. తారు రోడ్డు, తారు రోడ్డు, తారు రోడ్డు. వాగు దాటి పోవలసిన గూడెములకు సంవత్సరమంతటిలో ఒక్కసారి మాత్రమే వెళ్ళి యుంటిని, అదియు ఎండకాలములో. వానలు కురిసి, పైరు మీద పురుగు పడి, నా అవసరము నిజముగా ఉన్న నెలలలో ఒక్కమారును వెళ్ళలేదు. "నేను చాల తిరుగుతున్నాను" అని నాకు గర్వముగా ఉండెడిది. తిరిగినది నిజమే, జీపు పోవు చోటికే తిరిగినాను.

ఇంకొక తప్పు కూడ వ్రాసికొన్నాను. ఒక గ్రామములో చేను చూడకుండనే, తేదీ లెక్కన మందు కొట్టమని చెప్పితిని. ఆ చేలలో అప్పటికి పురుగు లేనే లేదు. ఒక పెద్దాయన, "సారూ, నువ్వు చెప్పినవని కొట్టినం. మందు ఖర్చు ఎవరి లెక్కల రాసుకోవాలె?" అని అడిగినాడు. నావద్ద జవాబు లేకపోయినది. ఆనాటి నుండి, చేనులో దిగి చూడనిదే మందు పేరు నోట పలుకకూడదని ఒక నియమము పెట్టుకొన్నాను. వాగవతల గూడెములకు జులై, ఆగస్టులలోనే నడిచి పోవుట రెండవ నియమము. రెండవ నియమమును ప్రతి సంవత్సరము పూర్తిగా నిలుపుకొనలేకపోయినాను. ఎన్ని మార్లు తప్పితినో ఆ పుస్తకములోనే ఉన్నది.

ఈ పేజీ వ్రాయునప్పుడు రెండు దోషములు రాకుండ చూచుకొనండి. మొదటిది, తప్పంతా పైవారి మీదకు నెట్టుట: వాన లేదు, ధర లేదు, విత్తనము చెడ్డది, కాలము చెడ్డది. రెండవది, తప్పంతా నెత్తిన వేసికొని క్రుంగిపోవుట. వరద రావడము మీ తప్పు కాదు. ధర పడిపోవుట మీ తప్పు కాదు. కావున పేజీ నడుమ ఒక గీత గీయండి. ఎడమ ప్రక్క నా చేతిలో లేనివి, కుడి ప్రక్క నా చేతిలో ఉన్నవి. ఎడమ ప్రక్కవానికి ప్రభుత్వ సహాయము, నలుగురు కలిసి అడుగుట మార్గములు. కుడి ప్రక్కవానికి మనమే మార్గము. చాలమందికి కుడి ప్రక్క వారు అనుకొన్న దానికంటె పొడుగుగా ఉంటుంది. అది చూచి దిగులుపడవద్దు. మన చేతిలో ఉన్నవి ఎక్కువైతే మన బలము ఎక్కువైనట్లే.

చివరకు మూడు వరుసలు

అయిదు పేజీలును పూర్తి అయిన తరువాత, క్రింద మూడు వరుసలు మాత్రము వ్రాయండి.

ఒకటి: వచ్చే సంవత్సరము తప్పక నిలుపుకొను పని.

రెండు: తప్పక మానివేయు పని.

మూడు: క్రొత్తగా చేసి చూచు పని.

ఒక్కొక్క వరుసలో ఒక్కటే వ్రాయండి. పది వ్రాసికొన్నవాడు ఏరువాక నాటికి పదియు మరచిపోతాడు. మూడవ వరుసలోని పనిని అయిదు గుంటలలో మాత్రము చేసి చూడండి. ఎకరమునకు నలుబది గుంటలు. అయిదు గుంటలు పోయినను ముప్పది అయిదు గుంటలు నిలుస్తవి. క్రొత్త రకమైనను, పత్తిలో కంది అంతరపంట అయినను, ఆయిల్ పామ్ తోటలో అంతరపంట అయినను ఇదే పద్ధతి. ఎవరో చెప్పినారని, నేను చెప్పినానని కూడ, చేనంతా ఒక్కసారి మార్చవద్దు.

చదువు రానివారు మీ వాడలో ఉంటే, మీ పిల్లలను వారి ఇంటికి పంపండి. ఇంటిలో పిల్లలు లేనివారు నలుగురైదుగురు కలిసి కూర్చొనండి. ఒకరి తప్పు మరియొకరికి పాఠమవుతుంది. అయితే ఒక కట్టుబాటు ఉండవలెను: అక్కడ విన్న అప్పు మాట రచ్చబండ మీదకు రాకూడదు.

ఒక్క సంవత్సరము వ్రాసి, ఏమి లాభము అనకండి. ఒక సంవత్సరపు లెక్క ఒక గింజ. మూడు సంవత్సరముల లెక్క ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు మీ చేనికి తగిన పంట ఏదో, మీ శక్తికి తగిన విస్తీర్ణము ఎంతో, మీకు చేటు చేయు అలవాటు ఏదో కనబడుతుంది. విశ్వవిద్యాలయములో మేము చేయు ప్రయోగములు కూడ ఇంతకంటె వేరు కావు: ఏమి చేసినాము, ఏమి వచ్చినది, ఎందుకు వచ్చినది అని వ్రాసికొనుటయే. అశ్వారావుపేట కళాశాలకు గాని, వైరా కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని మీరు వచ్చునప్పుడు ఆ పుస్తకము చంకన పెట్టుకొని రండి. పుస్తకముతో వచ్చిన రైతుకు మేము అర గంటలో చెప్పగలిగినది, పుస్తకము లేని రైతుకు అర దినములో చెప్పలేము.

ఈ ఉగాదికి కూడ పంచాంగము వినండి. ఆదాయము ఎంత, వ్యయము ఎంత అని అయ్యగారు చదువుతారు. విని ఇంటికి వచ్చిన తరువాత దీపము దగ్గర కూర్చొని మీ పుస్తకము తెరవండి. అందులో ఆదాయము, వ్యయము మీ చేతివ్రాతలో ఉంటవి. వచ్చే సంవత్సరమునకు ఆ అంకెలను మార్చు పని కొంత వానది, కొంత ధరది, మిగిలినది మీది.